అందరూ ఒకేసారి మాట్లాడవచ్చునా?

బాలలూ! పెళ్ళిళ్లలో బంతి భోజనాలు మీరు చూసే ఉంటారు. వందమంది బారులు తీరి కూర్చుంటారు. ఎవరికి వారు పక్కవారితో కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. "ఇప్పుడు మీ వంతు, తరువాత వారి వంతు" అని చెప్పేవారు ఎవరూ ఉండరు. అయినా ఎవరికి కావలసిన మాట వారికి వినిపిస్తుంది. ఇంతలో పందిట్లో ఎవరో మైకు పెడతారు. ఇక చూడండి! పక్కవారి మాట వినిపించక ఒకరు గొంతు పెంచుతారు. వారి గోల భరించలేక ఇంకొకరు పెంచుతారు. కాసేపటికి అందరూ అరుస్తూ ఉంటారు. ఎవరికీ ఏమీ వినిపించదు.

ఈ నెల నేను చెప్పదలచుకున్నది భోజనాల గురించి కాదు, రేడియో తరంగాల గురించి. కాని చిక్కు ఒకటే. ఒకే చోటును అనేకులు పంచుకోవాలి. పంచిపెట్టే పెద్ద ఎవరూ లేరు. అప్పుడేం చెయ్యాలి? "ప్రతివారికీ లైసెన్సు పెట్టండి" అని కొందరంటారు. "ఎవరి ఇష్టం వారిది, వదిలేయండి" అని మరికొందరంటారు. నా అభిప్రాయం ఈ రెండూ కాదు. మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని ఎంత గట్టిగా మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి అన్నదానికి మాత్రం హద్దు ఉండి తీరాలి. ఆ హద్దు నిలిచినంత కాలమే పంపకం నిలుస్తుంది. ఎందుకో వినండి.

నీరటికాడు లేని చెరువు

చెరువు కింద సేద్యం జరిగే ఊళ్లలో నీటిని పంచే నీరటికాడు ఉంటాడు. ఏ పొలానికి ఎప్పుడు, ఎంతసేపు నీరు వదలాలో అతడే చూస్తాడు. సెల్‌ఫోను టవరు చేసే పని కూడా ఇటువంటిదే. మీ ఇంట్లోని ఫోను ఎప్పుడు, ఏ పౌనఃపున్యం మీద, ఎంత శక్తితో ప్రసారం చెయ్యాలో టవరు చెబుతుంది. ఫోను మారు మాట్లాడకుండా పాటిస్తుంది.

కాని నీరటికాడు లేకుండా పనిచేసే పరికరాలు కూడా వచ్చాయి. కొన్ని కార్ల తాళంచెవులు, ఎక్కడో పెట్టి మరచిపోయిన సంచిని వెతికిపెట్టే చిన్న బిళ్లలు, 2019 నుంచి కొన్ని ఫోన్లలో అమర్చుతున్న దూరం కొలిచే చిప్పులు - ఇవన్నీ 'అల్ట్రా వైడ్ బాండ్' అనే పద్ధతిలో మాట్లాడతాయి. తెలుగులో 'అతి విస్తృత పట్టీ' అనుకుందాం. ఒకరి తాళంచెవికి మరొకరి బిళ్లతో పరిచయం లేదు. ఒకదానికోసం ఒకటి ఆగదు. అయినా అన్నీ ఒకే పట్టీలో ప్రసారం చేస్తాయి.

పిల్లనగ్రోవి, చప్పట్లు

పిల్లనగ్రోవి ఊదితే ఒకే స్వరం నిలకడగా వినిపిస్తుంది. చప్పట్లు కొడితే స్వరమంటూ ఏదీ ఉండదు. ఠప్పుమని ఒక్క క్షణం మోగి పోతుంది. ఇందులో ఒక ముఖ్యమైన భౌతికశాస్త్ర సూత్రం ఉన్నది. శబ్దం ఎంత పొట్టిదైతే అందులో అంత ఎక్కువ పౌనఃపున్యాలు కలగలిసి ఉంటాయి. రేడియో తరంగాలకూ ఇదే వర్తిస్తుంది.

ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రం పిల్లనగ్రోవి వంటిది. రెండు కేంద్రాల మధ్య 9 కిలోహెర్ట్జుల ఎడం చాలు. అతి విస్తృత పట్టీ పరికరం చప్పట్లు కొడుతుంది. ఒక్కొక్క చప్పటను ఇంజనీర్లు 'పల్సు' అంటారు. అది సుమారు 2 నానోసెకన్లు మాత్రమే ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు! అంత పొట్టి పల్సు దాదాపు 500 మెగాహెర్ట్జుల మేర పరచుకుంటుంది. 9 కిలోహెర్ట్జుల చొప్పున లెక్క వేసుకోండి. 55 వేలకు పైగా కేంద్రాలు పట్టే చోటు అది.

ఇంత చోటు ఆక్రమించి చేసే ఘనకార్యం ఏమిటి? దూరం కొలవటం. రేడియో తరంగం కాంతి వేగంతో పోతుంది. అనగా నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు. పల్సు పొట్టిదైతే అది చేరిన క్షణాన్ని కచ్చితంగా గుర్తించవచ్చును. అప్పుడు దూరం పది, పన్నెండు సెంటీమీటర్ల తేడాలో తెలిసిపోతుంది. తాళంచెవి సంకేతాన్ని దొంగలు మధ్యలో పట్టుకుని, దూరాన ఉన్న కారుకు అందించి తలుపు తెరిపించే మోసం ఒకటి ఉన్నది. దూరం కొలిచే తాళంచెవి దగ్గర ఈ ఎత్తు సాగటం కష్టం. కాంతికంటె వేగంగా సంకేతాన్ని పరుగెత్తించటం ఏ దొంగకూ సాధ్యం కాదు గదా!

మొదటి రేడియోలు కూడా చప్పట్లే

ఈ పద్ధతి కొత్తదనుకుంటారేమో. కాదు. 1887లో జర్మనీలో హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించింది విద్యుత్ రవ్వతోనే. 1895లో మన జగదీశ్ చంద్రబోసు కలకత్తా టౌన్ హాలులో గోడల అవతల గంట మోగించింది కూడా రవ్వతోనే. మార్కోనీ తొలి యంత్రాలూ అటువంటివే. రవ్వ అంటే చప్పటే. దాని తరంగాలు అనేక పౌనఃపున్యాల మీదకు పొర్లిపోతాయి.

ఇద్దరు, ముగ్గురు ఉన్నంతవరకు బాగానే ఉండేది. 1901లో అమెరికా కప్ పడవ పందాల వార్తలు పంపటానికి పోటీ కంపెనీలు తమ యంత్రాలు తెచ్చాయి. ఒకరి ప్రసారం మీద మరొకరి ప్రసారం పడి వార్తలు గందరగోళమైపోయాయి. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ ఆపరేటరు దూరాన ఉన్న కేప్ రేస్ కేంద్రంతో మాట్లాడుతున్నాడు. దగ్గరలో మంచు మధ్య ఆగిపోయిన కాలిఫోర్నియన్ ఓడ, తాము మంచులో చిక్కుకున్నామని కబురు పంపింది. దగ్గరి ఓడ సంకేతం చెవులు చిల్లులు పడేటట్టు మోగింది. తన పనికి అడ్డం వస్తున్నదని టైటానిక్ ఆపరేటరు దానిని నోరు మూసుకోమన్నాడు. కొద్దిసేపటికి కాలిఫోర్నియన్ ఆపరేటరు యంత్రం ఆపి పడుకున్నాడు. ఆ తరువాత టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. సహాయం కోసం పంపిన పిలుపు కాలిఫోర్నియన్‌లో ఎవరికీ వినబడలేదు. పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. అంతటి ఘోరానికి రేడియో రద్దీ ఒక్కటే కారణమని నేను అనను. కాని దగ్గరివాడి కేక దూరపువాడి మాటను ఎలా మింగుతుందో ఈ సంఘటన చెబుతుంది.

ఆ ఏడే లండనులో దేశాలన్నీ కలిసి రేడియో నియమాలను సవరించాయి. అమెరికా కూడా చట్టం చేసింది. క్రమంగా రవ్వ యంత్రాలు మూలబడ్డాయి. ఎవరి పౌనఃపున్యం వారికి, ఎవరి లైసెన్సు వారికి అనే పద్ధతి స్థిరపడింది.

గుసగుసకు దొరికిన అనుమతి

తొంభై ఏళ్ల తరువాత, 2002 ఫిబ్రవరి 14న, అమెరికాలోని ఎఫ్.సి.సి. అనే నియంత్రణ సంస్థ చప్పట్లను మళ్ళీ అనుమతించింది. 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జుల వరకు ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చును. కాని ఒక షరతు. ఒక్కో మెగాహెర్ట్జుకు సగటున 74 నానోవాట్లకు మించి శక్తి వెలువడరాదు. 500 మెగాహెర్ట్జుల పట్టీ మొత్తానికి లెక్క కడితే ఇది సుమారు 37 మైక్రోవాట్లు. మీ 4జి ఫోను అవసరమైతే 200 మిల్లీవాట్ల దాకా వాడుతుంది. అది దీనికి అయిదువేల రెట్ల పైమాటే. కంప్యూటరు వంటి యంత్రాలనుంచి అనుకోకుండా కారిపోయే రేడియో శక్తికి ఏ హద్దు ఉన్నదో, ఆ సంస్థ దీనికీ అదే హద్దు పెట్టింది. తరువాత ఇతర దేశాలు కూడా తమ తమ హద్దులు పెట్టుకున్నాయి.

ఇంత చిన్న గొంతు వినిపిస్తుందా? వినిపిస్తుంది. పట్టీ వెడల్పుగా ఉంటే శక్తి తక్కువైనా సందేశం పంపవచ్చునని 1948లో క్లాడ్ షానన్ గణితం ద్వారా చూపించాడు. ఉపాయం సులభమే. ఒక్క పల్సును బట్టి గ్రాహకం ఏమీ తేల్చదు. వంద పల్సులను ఒకదానిపై ఒకటి పేర్చి కూడుతుంది. సంకేతం ప్రతిసారీ ఒకే వైపు ఉంటుంది కాబట్టి వంద రెట్లవుతుంది. రొద ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉంటుంది కాబట్టి సుమారు పది రెట్లే అవుతుంది. రొదలో మునిగిన మాట ఆ విధంగా పైకి తేలుతుంది.

తరగతి గదిలో ఒక లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. వంతులు పంచేవారు లేకుండా వందల పరికరాలు ఎలా సర్దుకుంటాయి? దీన్ని మీ తరగతిలోనే చేసి చూడవచ్చును.

ముప్పై మంది ఉన్నారనుకుందాం. ప్రతి ఒక్కరూ 1 నుంచి 100 లోపు ఏదో ఒక అంకెను ఇతరులకు చూపకుండా చీటీ మీద రాసుకోవాలి. ఒకరు వరుసగా 1 నుంచి 100 వరకు పిలవాలి. తన అంకె రాగానే చప్పట కొట్టాలి. ఒక్కరే కొడితే ఆ సందేశం చేరినట్టు. ఇద్దరు, ముగ్గురు ఒకేసారి కొడితే అందరివీ పాడైనట్టు. సంభావ్యత లెక్క ప్రకారం ముప్పై చీటీలలో సుమారు 22 చేరతాయి. పరవాలేదు గదా!

ఇప్పుడు ఒక్కొక్కరు మరిన్ని చీటీలు రాసుకుని, మొత్తం 100 చీటీలు చేశారనుకోండి. సుమారు 37 చేరతాయి. ఇంకా ఆశపడి 200 చీటీలు చేస్తే? 27 మాత్రమే చేరతాయి. 300 చేస్తే 15! చూశారా? మొదట కొండ ఎక్కాం. శిఖరం దాటగానే దిగజారాం. ప్రతివారూ ఎక్కువ మాట్లాడాలని చూస్తే అందరికీ కలిపి దక్కేది తగ్గిపోయింది. మోసం చేసిన వారు ఎవరూ లేరు. తలా కొంచెం ఆశపడ్డారు, అంతే.

ఇది నేను కల్పించిన ఆట కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి ఇదే పద్ధతిని నడిపింది. దాని పేరు 'అలోహా'. మన ఆటలో లాగ అంకెల గడులు కూడా లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడితే, శిఖరం దగ్గర కూడా కాలంలో 18 శాతమే పనికి వస్తుంది. గడులు పెడితే 37 శాతం దాకా పోతుంది.

అతి విస్తృత పట్టీకి 2007లో ఒక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినప్పుడు అందులో అలోహా పద్ధతికే చోటు దక్కింది. కారణం ఉన్నది. "ముందు విను, ఎవరూ మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు" అనే నియమం వైఫైలో పనిచేస్తుంది. ఇక్కడ అందరివీ గుసగుసలే. ఎవరైనా మాట్లాడుతున్నారో లేదో వినడమే కష్టం. అయితే ఇక్కడ ఒక సదుపాయం ఉన్నది. ఆ ప్రమాణంలోని ఒక పద్ధతిలో సగటున 64 నానోసెకన్లకు ఒక్క పల్సు వస్తుంది. 2 నానోసెకన్ల మాట, మిగతాదంతా మౌనం. అందువల్ల రెండు సందేశాలు ఒకేసారి బయలుదేరినా, ఒకరి పల్సులు మరొకరి మౌనంలోనుంచి దాటిపోయే అవకాశం ఎక్కువ. ఒక్కొక్కరూ తమకే తెలిసిన వరుసలో పల్సుల మధ్య ఎడాన్ని మారుస్తూ ఉంటే తాకిడి ఇంకా తగ్గుతుందని రాబర్ట్ షోల్ట్జ్ అనే అమెరికన్ ఇంజనీరు 1993లోనే ప్రతిపాదించాడు.

గొంతు పెంచకు, నిదానించు

అయినా గుంపు పెరిగితే ఏం చెయ్యాలి? స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో పరిశోధకులు 2004 ప్రాంతంలో ఈ ప్రశ్నను గణితంతో పరిశీలించారు. వారు తేల్చినది నాకు ఎంతో నచ్చింది. గ్రాహకానికి మరీ దగ్గరలో ఉన్నవారు, అది వింటున్నంతసేపు ఊరుకోవాలి. దూరంగా ఉన్నవారు అందరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చును. రొద పెరిగితే శక్తి పెంచనక్కరలేదు, వేగం తగ్గించాలి. అనగా ఒక్కో అక్షరానికి ఎక్కువ పల్సులు ఖర్చు చెయ్యాలి. కాస్త ఆలస్యమవుతుంది, కాని మాట చేరుతుంది.

ఎంతసేపు మాట్లాడాలి అన్నదానికీ హద్దు పెట్టినవారు ఉన్నారు. ఐరోపాలో 3.1 నుంచి 4.8 గిగాహెర్ట్జుల మధ్య ఒక రకం అనుమతి కింద పనిచేసే పరికరం సెకనులో 5 శాతం, గంట మొత్తం మీద 18 సెకన్లకు మించి ప్రసారం చెయ్యకూడదు. గంటకు 18 సెకన్లు! తాళంచెవికి అంతకంటె ఏం కావాలి?

మైకు పెట్టినవారి సంగతి

ఇక అసలు పేచీకి వద్దాం. 2020 ఏప్రిల్‌లో అదే ఎఫ్.సి.సి. 5.925 నుంచి 7.125 గిగాహెర్ట్జుల వరకు, అనగా 1,200 మెగాహెర్ట్జుల మేర, వైఫైకి తెరిచింది. అక్కడ ఇంటిలోపల వాడే వైఫై పెట్టె మెగాహెర్ట్జుకు వెలువరించగల శక్తి, అతి విస్తృత పట్టీ హద్దుకు 40 వేల రెట్లకు పైగా ఉంటుంది. వైఫై మర్యాదస్తుడే, ముందు విని తరువాతే మాట్లాడుతుంది. కాని చెవికి ఆనని గుసగుసను ఎలా వింటుంది? లైసెన్సు లేని పరికరానికి ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు. వచ్చిన రొదను భరించవలసిందే. గుసగుసల వారికి మిగిలిన దారి, 8 గిగాహెర్ట్జుల దగ్గరి పట్టీకి జరగడమే.

"వైఫై లక్షలమంది పిల్లలకు పాఠాలు అందిస్తున్నది, తాళంచెవులకోసం దాన్ని ఆపమంటారా?" అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. నేను ఆపమనటం లేదు. అనుమతి ఇచ్చే ముందు లెక్కలో ఎవరెవరు ఉన్నారు అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే మాట్లాడకుండా వినే వారు కూడా ఉన్నారు. నక్షత్రాలు పుట్టే మేఘాలలోని మిథనాల్ అణువులు సుమారు 6.67 గిగాహెర్ట్జుల వద్ద ప్రకాశిస్తాయని 1991లో కార్ల్ మెంటెన్ కనిపెట్టాడు. అప్పటినుంచి భారీ నక్షత్రాల పుట్టుకను తెలుసుకోవటానికి రేడియో టెలిస్కోపులకు అది ఒక ముఖ్యమైన కిటికీ. అది వైఫైకి తెరిచిన మేరలోనే ఉన్నది. అతి విస్తృత పట్టీ పరికరాలు ఎక్కువగా వాడే 6.5 గిగాహెర్ట్జుల పట్టీలోనూ ఉన్నది. 6,650 నుంచి 6,675.2 మెగాహెర్ట్జుల మధ్య ఖగోళ పరిశీలనలను వీలైనంతవరకు కాపాడాలని అంతర్జాతీయ రేడియో నియమాలు దేశాలను కోరుతున్నాయి. నక్షత్రం గొంతు పెంచలేదు. దానికి లైసెన్సు దరఖాస్తు లేదు. బల్ల ముందు కూర్చుని వాదించే ప్రతినిధి లేడు. దాని తరఫున మాట్లాడవలసింది మనమే.

"ఒక్క బిళ్ల వెలువరించే శక్తి ఎంత? దానివల్ల ఏం నష్టం?" అనేది ఇంకొక వాదన. ఇందులో కొంత నిజం ఉన్నది. దూరం పది రెట్లయితే శక్తి నూరోవంతుకు పడిపోతుంది. గోడలు ఇంకా మింగేస్తాయి. పొరుగూరి బిళ్లలు మనకు లెక్కలోకి రావు. కాని ఒక రైలు పెట్టెలో, ఒక ఆసుపత్రిలో, ఒక కార్ల నిలుపు స్థలంలో వందలు చేరితే? అక్కడ మన చీటీల ఆటే జరుగుతుంది. పరికరాలను ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా పరీక్షించి మంచివని ముద్ర వేస్తారు. ఒక్క చీటీతో ఆట ఆడితే ఎప్పుడూ గెలుపే! పరీక్షించవలసింది ఒక్క పరికరాన్ని కాదు, గుంపును.

అందుచేత నేను కోరేవి మూడు. శక్తి హద్దును అమ్మకందార్ల తొందర చూసి పెంచకూడదు. ఎంతసేపు మాట్లాడాలన్న హద్దు, గుంపులు చేరే చోట్ల వాడే పరికరాలన్నింటికీ ఉండాలి. కొత్తవారికి చోటు ఇచ్చేటప్పుడు, గుసగుసలాడే వారిని, కేవలం వినేవారిని కూడా లెక్కలో వేసి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలి. ఊరి చెరువు ఎవరి సొంతమూ కానట్టే రేడియో తరంగాల చోటు కూడా ఎవరి సొంతమూ కాదు. మరి పది, పదిహేనేళ్లలో ఇటువంటి పరికరాలను తయారు చేసేవారు, నియమాలు రాసేవారు మీలోనుంచే రావాలి.

నా మాట గుడ్డిగా నమ్మవద్దు. రేపే చీటీల ఆట ఆడండి. 30, 100, 200, 300 చీటీలతో ఎన్నెన్ని సందేశాలు చేరాయో గళ్ల కాగితం మీద గుర్తించి రేఖ గీయండి. మీ తరగతిలో కొండ శిఖరం ఎక్కడ వచ్చిందో చూడండి. తరువాత ఒక్కరిని మాత్రం నియమం తప్పి ప్రతి అంకెకూ చప్పట కొట్టనివ్వండి. మిగతా అందరి సందేశాలలో ఎన్ని బతికాయో లెక్కపెట్టి, హద్దు ఉండాలో అక్కరలేదో మీరే తేల్చండి.